మెత్తని సొట్ట

“అది రేకమ్మా, పగవాడు కాదు. కసిగా కొడితే సొట్ట పోదు, పక్కకి జరుగుతుంది,” అన్నాడు మేస్త్రీ.

ఆమె సుత్తి దించింది.

అది ఆమె తండ్రి పాత లారీ. వానలో స్తంభానికి గుద్దుకుందని చెప్పి, ఆయన తాళాలు గోడకి తగిలించాడు. మళ్ళీ ముట్టుకోలేదు.

“ఆ సొట్ట చూస్తే స్టీరింగ్ పట్టుకోలేనమ్మా,” అంటాడు. అన్నం కూడా సగంలో వదిలేస్తాడు.

సొట్ట పోతే నాన్న మళ్ళీ మనిషవుతాడని ఆమె ఆశ. అందుకే ఈ షెడ్డుకొచ్చి పని నేర్చుకుంటోంది.

మడ్‌గార్డ్ లోపల ఇనుప దిమ్మ ఆనించి, పైన చిన్నచిన్నగా కొడుతోంది. ఒక పెద్దాయన గేటు దాటి లోపలికొచ్చాడు. నిన్నా ఇలాగే వచ్చి, లారీ వంక చూస్తూ నిలబడ్డాడు.

“కూర్చోండి,” అని స్టూలు జరిపింది.

“కూర్చోలేనమ్మా.”

ఆయన సొట్ట మీద అరచెయ్యి వేశాడు. “వానలో స్తంభానికి గుద్దుకుంది,” అందామె.

“ఇది స్తంభం పని కాదు. స్తంభమైతే రేకు చీరుకుపోయేది. ఏదో మెత్తనిది తగిలింది.”

ఆమెకు ఒళ్ళు మండింది. “మా నాన్న అబద్ధం చెప్పారంటారా?”

“అబ్బే! ఆయన్ని ఒకసారి చూడొచ్చా?”

“ఆయన ఎవర్నీ చూడరు. పుండు మీద కారం చల్లకండి. వెళ్ళండి.”

పెద్దాయన నొచ్చుకోలేదు. “పోనీ, నేను నడుస్తున్నానని చెప్పమ్మా. అది చాలు.”

ఎవరి బతుకు నడవడం లేదు గనక, అనుకుని ఆమె సుత్తి అందుకుంది. ఆయన నెమ్మదిగా వెళ్ళి బస్సెక్కాడు.

సాయంత్రానికి రేకు నునుపు తేలింది. తండ్రిని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది.

“చూడు నాన్నా, ఆనవాలే లేదు.”

ఆయన వేళ్ళతో తడిమాడు. కళ్ళు నిండాయి.

“నీ చేతిలో పనుంది తల్లీ. కానీ నాకింకా కనిపిస్తూనే ఉంది. అది స్తంభం కాదమ్మా, మనిషి. భయపడి ఆపకుండా వచ్చేశాను. మనసొప్పక వెనక్కి వెళ్ళేసరికి అక్కడ లేడు. ఎవరో మోసుకుపోయారన్నారు. బతికాడో లేదో! ఆ ఒక్కటి తెలిస్తే చాలు.”

ఆమె గేటు దగ్గరికి పరుగెత్తింది. రోడ్డు ఖాళీగా ఉంది. పేరు అడగలేదు, ఊరు అడగలేదు.

తిరిగొచ్చి, ఎవరూ కూర్చోని ఆ స్టూలు పక్కన తలవంచుకుని నిలబడింది.

“పొద్దున నీ కోసం ఒకాయన వస్తే నేనే తరిమేశాను నాన్నా,” అంది. “కూర్చోలేరు గానీ, నడుస్తున్నారు.”