పక్క కుర్చీ

"అంకుల్, కాస్త ఆపుతారా?"

భాగ్యరేఖ అలా అనడం అది మూడోసారి.

పక్క కుర్చీలోని ముసలాయన ఆపలేదు. స్టేజీకి కళ్లప్పగించి పెదాలు ఆడిస్తూనే ఉన్నాడు. గొంతు లేదు, మాట లేదు. ఆవు నెమరు వేసినట్టు ఒకటే కదలిక.

ఉక్కు ప్లాంటు టౌన్‌షిప్‌లోని సెక్టర్ 2లో తెలుగువాళ్ల నాటకం అది. వచ్చినవాళ్లంతా ప్లాంటువాళ్లు, వాళ్ల కుటుంబాలు. మార్కుల కోసం వచ్చింది మాత్రం భాగ్యరేఖ ఒక్కతే.

బీఏ మొదటి ఏడాదిలో కోరుకున్న పేపరు దొరక్క, 'నాటక పరిచయం' తీసుకుంది. ఒక నాటకాన్ని స్వయంగా చూసి రెండు పేజీలు రాస్తే ఇరవై మార్కులు.

"కథ ఎవరైనా చెబుతారు. మీరు నటుడి ముఖం చూడండి" అని రజనీకుమారి మేడమ్ మరీ మరీ చెప్పింది.

ఇంట్లో తెలుగు, బయటంతా హిందీ అయిన భాగ్యరేఖకు నాటకం మాటలు సగమే అర్థమవుతాయి. ముఖమైనా చూద్దామని గంట ముందే వచ్చి ముందు వరసలో కూర్చుంది. తీరా చూస్తే పక్కన ఈ పెదాల గోల!

ముఖ్య పాత్రధారి బలరాం లోపలికి వెళ్లగానే ముసలాయన ఇటు తిరిగాడు.

"ఏటి తల్లీ? నానేటీ అనడం నేదు కదా."

"ఆ పెదాలు కదుపుతున్నారు కదా. మేరా ధ్యాన్ హట్ జాతా హై, చూపు చెదిరిపోతోంది. నేను చూసి రాసుకోవాలి. మీరు వెనక కూర్చోండి."

"నానిక్కడే కూకోవాలమ్మా. ఈ ఒక్క పూట ఓర్సుకో. బలరాంకిదే ఆకరి నాటకం."

"ఇక్కడే ఎందుకు?"

ముసలాయన నోరు తెరిచాడు. చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. మళ్లీ మూసుకున్నాడు.

కారణం చెప్పలేనివాడు మొండివాడేనని భాగ్యరేఖ తీర్మానించేసింది. పద్దెనిమిదేళ్లకు తీర్మానాలు తొందరగానే అయిపోతాయి. చెయ్యెత్తి వాలంటీరును పిలిచింది.

మనోజ్‌కుమార్ అనే ఆ కుర్రాడు కమిటీలో చేరి వారమైనా కాలేదు. "దాదా, పీఛే చలియే, వెనక్కి. పాపం, చదువు కోసం వచ్చింది" అన్నాడు.

అప్పటికే బలరాం మళ్లీ స్టేజీ మీదికి వచ్చేశాడు. గొడవపడితే నాటకం చెడుతుందనుకున్నాడో ఏమో, ముసలాయన లేచాడు. వెనకవాళ్లకు అడ్డం రాకుండా నడుం వంచుకుని వెళ్లిపోయాడు.

హమ్మయ్య అనుకుంది భాగ్యరేఖ.

స్టేజీ మీద కొడుకు తండ్రి కాళ్ల మీద పడ్డాడు. క్షమించమన్నాడు. తండ్రి వేషంలో ఉన్న బలరాం "నాయనా..." అన్నాడు.

అక్కడే ఆగిపోయాడు.

ముందు వరసకేసి చూశాడు. ఆ చూపు భాగ్యరేఖ పక్కనున్న ఖాళీ కుర్చీ మీద నిలబడిపోయింది. పెదవి వణికింది. కళ్లలో నీళ్లు నిండాయి. నిమిషం గడిచింది. రెండో నిమిషమూ గడిచింది.

తెర పడింది.

భాగ్యరేఖకు ఒళ్లు గగుర్పొడిచింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది. తర్వాత ఒకరొకరుగా అందరూ కొట్టారు.

ఎందుకో వెనక్కి తిరిగింది. చీకట్లో గోడకు ఆనుకుని ఆ ముసలాయన ఇంకా పెదాలు కదుపుతూనే ఉన్నాడు. ఆమెకు భయం వేసింది.

'తండ్రి క్షమకు మాటలు చాలవని ఆ మౌనం చెప్పింది' అని రాసింది. ఇరవైకి పంతొమ్మిది వచ్చాయి. మేడమ్ క్లాసులో చదివి వినిపించి, "ఇది ఆ నటుడికి చూపించు. పెద్దాయన సంతోషిస్తాడు" అంది.

సంతోషించాల్సిన పిల్లకు ఆ పెదాలు పట్టుకున్నాయి. సుపేలా వెళ్లే ఆటోలో ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే అవే. అద్దం ముందు తల దువ్వుకుంటుంటే అవే. ఏదో చెబుతున్నాయి. ఏమిటో ఆమెకు తెలియడం లేదు.

మూడు వారాలకు కోహ్కాలో బలరాం ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. వరండాలో కూర్చున్న బలరాం, ఆమె గేటు దగ్గర నుంచి నమస్తే అంటే పలకలేదు.

"ఎదరకొచ్చి సెప్పమ్మా" అంది ఆయన భార్య నూకమ్మ. "ప్లాంటులో మిల్లు రొదకి సెవులు పోనాయి. పెదాలు చూసి మాట పోల్సుకుంటాడు. బయటెవులికీ తెలీదు. తెలిస్తే ఏసం ఇత్తారేటి?"

భాగ్యరేఖ ఎదురుగా నిలబడి తను రాసింది చదివింది. విని, కాదు, చూసి, బలరాం నవ్వాడు. అది నవ్వులా లేదు.

"నటనేటమ్మా! మాట మర్సిపోనాను. ముసిలోడు కదా, పాపమని సప్పట్లు కొట్టారు."

ఆమె కాగితం మడిచేసింది.

"ఆ యేళ నుంచి ఒకడితో మాట్టాడనేదు. ముప్పయ్యేళ్ల సావాసం. నడిస్టేజీ మీద నన్నొగ్గీసినాడని కోపం. రెండుసార్లు ఇంటికొచ్చాడు. మొకం తిప్పీసుకున్నాను. మొకం తిప్పీసుకుంటే ఆడేం సెప్పినాడో నాకెలా తెలుస్తాది? మొన్న సోమారం పోయాడు. సావుకీ ఎల్లనేదు."

నూకమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది.

బలరాం భాగ్యరేఖను తేరిపార చూశాడు. గుర్తుపట్టాడు. కుర్చీలో ముందుకు వంగి, ఆమె పెదాల మీదే చూపు నిలిపాడు.

"ముందు వరసలో కూకుని, నాను మర్సిపోయిన ఒక్కో మాటా పెదాలతో నాకందించీ మా అప్పలకొండ ఆ యేళ ఎందుకు లెగిసిపోనాడో, పక్క కుర్సీలో ఉన్నావు కదా, నీకేటైనా తెలుసా తల్లీ?"