కట్టుకున్న గజ్జెలు

"ఆ బల్ల మీద గుంటడు ఈయేల కూడా ఆడడేటే?" ఝాన్సీ ఫోనులోకి తొంగిచూస్తూ అడిగాను.

"ఆడడు మామ్మా. ఈ యేడు ఒక్క ఆటా ఆడనేదు. ఇదే ఆకరిది."

పోలండ్ ఫుట్‌బాల్ లీగు అది. ఏడాదంతా నా మనవరాలి పక్కన కూర్చుని నేనూ చూశాను. బల్ల మీది ఆ కుర్రాడు రెండో గోల్‌కీపర్. మంచు పడుతున్నా చేతొడుగులు తొడుక్కుని బల్ల మీదే ఉండేవాడు.

"ఆడనోడిని ఇన్నాళ్లు సూసేవేటే?"

"ఇంకెవులు సూస్తారు? నేనూ మా జిల్లా జట్టులో అలాటిదాన్నే. రేపు విజయనగరంలో ఫైనలు. నేనెల్లను."

మా ఆయన అసిరయ్య గుర్తొచ్చాడు. తప్పెటలు వాయిస్తూ చిందేసే తప్పెటగుళ్ల దళంలో ఆయన అదనపు మనిషి. ఎవరికైనా కాలు బెణికితేనే ఆయనకు ఆట. అయినా ప్రతి జాతరకూ గజ్జెలు కట్టుకునే వెళ్లేవాడు. ఆడనివాణ్ని చూసేదేముందని నేనెప్పుడూ వెళ్లలేదు. ఒకసారి గజ్జెలు విప్పుతూ, "జనంలో నీకోసం సూసేను" అన్నాడు. నేను నవ్వేశాను.

ఫోనులో ఆట ముగిసింది. ఆ కుర్రాడు చేతొడుగులు విప్పుకుంటూ జనంలోకి చూస్తున్నాడు.

"రేపు బస్సెన్నింటికే?" అన్నాను.

"ఎల్లనన్నాను గదా."

"నువ్వెల్లకపోతే నేనెవుల్ని సూడాల? నేను ఆట సూడనే. నీ బల్లకేసే సూస్తాను."

ఝాన్సీ ఫోను పక్కన పెట్టింది.

"బల్ల దూరం మామ్మా. నీ కంటికి ఆనదు."

"కళ్లద్దాలు తెచ్చుకుంటాన్లే."