పేర్లు బయటికి రావు

వార్డు ఎన్నికలో ఒక్క ఓటుతో ఓడిపోయినప్పటి నుంచి బాబాయి పిన్నితో మాట్లాడటం మానేశాడు. ఆ ఒక్క ఓటూ ఆవిడే అవతలివాడికి వేసిందని ఆయన అనుమానం.

నా డిగ్రీ పొలిటికల్ సైన్స్ ప్రాజెక్టు ఆ ఎన్నిక మీదే. ఎవరికి వేశారో, ఎందుకు వేశారో ఇంటింటికీ తిరిగి అడుగుతున్నాను. పేర్లు బయటికి రావని మాటిస్తే తప్ప ఎవరూ నోరు విప్పరు.

"నీకు అందరూ నిజమే చెప్తారు కదే. నేను ఆయనకే వేశానని ఒక్క మాట చెప్పవే," అంది పిన్ని, ఉల్లిపాయల వంకతో కళ్లు తుడుచుకుంటూ.

"చెప్పాను పిన్నీ. నువ్వు నేర్పితేనే చెప్తున్నానంటాడు."

ఇక అడగాల్సింది బాబాయినొక్కడినే. ఆయన గదిలో కూర్చుని ఫోన్లో రికార్డింగ్ నొక్కాను. ఆయన లేచి తలుపు గడియ వేసి వచ్చాడు.

"పేర్లు బయటికి రావుగా?"

"రావు బాబాయ్. మా సార్‌కి కూడా చెప్పను."

కుర్చీ దగ్గరికి లాక్కుని గొంతు తగ్గించాడు. "ఓటు మిషన్ ముందు నిలబడేసరికి భయమేసిందమ్మా. నిజంగానే గెలిస్తే ఇంతమందికి ఏం చేసిపెట్టగలను? అవతలివాడి బటన్ నొక్కేశాను."

"మరి పిన్ని..."

"మాటిచ్చావు," అన్నాడు. గడియ తీస్తూ, "మీ పిన్నిని కాఫీ పెట్టమను."

వంటింట్లోకి అడుగుపెట్టగానే పిన్ని ఆశగా ఇటు తిరిగింది.

"ఏమన్నారే?"

"కాఫీ పెట్టమన్నాడు పిన్నీ."