పెద్దల బల్ల

ఆ బోర్డు చూడగానే దర్జీకి ఒళ్లు మండింది. ఆటల దుకాణంలో వెనక మూల, మెత్తటి కుర్చీలు వేసిన బల్ల మీద లావుపాటి అక్షరాలతో రాసి పెట్టారు: "పెద్దల బల్ల. అరవై దాటినవారికి."

"మనం ఇక్కడ కూర్చోవడం లేదు," అన్నాడు. హడావిడిలో మెళ్లో కొలతల టేపు తీయడం కూడా మరిచిపోయి వచ్చాడు. చంకలో నోటుపుస్తకం ఒకటి.

"కుర్చీ మాత్రం బాగుందిరా," అంటూ బస్సు డ్రైవరు అప్పటికే చేరబడ్డాడు.

"లే."

డ్రైవరు లేచాడు. పాచికల సంచీ పట్టుకుని వెనకాలే వచ్చిన నర్సమ్మ బోర్డు చదివి మూతి తిప్పింది.

ముప్ఫై ఏళ్లుగా ముగ్గురూ ప్రతి ఆదివారం దర్జీ కొట్లో ఒకే ఆట ఆడుతున్నారు. కథ నడిపే సూత్రధారి దర్జీ. ఆ కథలో కొండగుహకి కాపలా ఉండే డ్రాగన్ కూడా ఆయనే. నర్సమ్మ అడవిలో ఉండే మంత్రగత్తె, డ్రైవరు గొడ్డలి పట్టిన మరుగుజ్జు వీరుడు. పాచిక బాగా పడితే గండం గట్టెక్కుతారు, లేకపోతే తిప్పలే. బల్ల ముందు కూర్చున్నాక సొంత గొడవ ఎత్తకూడదని వాళ్ల కట్టుబాటు. ఎత్తినవాళ్లు ఆ పూట టీ కాయాలి. బస్సు సంగతులు చెప్పబోయి డ్రైవరు ఎన్నిసార్లు టీ కాచాడో లెక్కే లేదు.

ఇవాళ పోటీ. గెలిచిన కథని దుకాణం వాళ్లు పుస్తకంగా అచ్చు వేస్తారు. దర్జీ ఆర్నెల్లపాటు చొక్కాలు కుడుతూ కుడుతూ మధ్యలో మిషను ఆపి రాసుకున్న కథ ఆ నోటుపుస్తకంలో ఉంది. కానీ పెద్దల బల్లకి పోటీ లేదు. సరదాగా ఆడుకుని, చప్పట్లు కొట్టించుకుని ఇంటికి పోవడమే.

"ఆర్నెల్లు సాము చేసిందీ మనమే," అన్నాడు డ్రైవరు. "మూలనున్న ముసలమ్మా మనమే అయ్యాం."

దుకాణం నడిపే అమ్మాయి చేతిలో కాగితాల అట్టతో గబగబా వచ్చింది. "ఏమైంది తాతగారూ?"

దర్జీ చూసిన చూపుకి ఒక అడుగు వెనక్కి వేసింది. "బాబాయ్ గారూ," అని దిద్దుకుంది.

"ఈ బోర్డు ఏమిటమ్మా?"

"గౌరవంగానే పెట్టామండీ. పేరు నచ్చకపోతే మార్చేస్తాను. తలపండినవాళ్లు అని రాయనా?"

"పండడానికి నా నెత్తిమీద ఏముందని?" అన్నాడు డ్రైవరు, నున్నటి గుండు తడుముకుంటూ.

"పోనీ, అనుభవజ్ఞులు?"

"ఉద్యోగానికి వచ్చినట్టుంది," అంది నర్సమ్మ. "పాతకాపులు అంటే కాస్త నయం."

"ముదుర్లు అని రాయమ్మా," అన్నాడు డ్రైవరు. "నిజం చెప్పినట్టుంటుంది."

"మీరిద్దరూ కాసేపు ఊరుకోండి," అన్నాడు దర్జీ. ఆయనకి కోపం కన్నా బాధే ఎక్కువగా ఉంది. "చూడమ్మా. మమ్మల్ని ఏ పేరూ పెట్టి పిలవక్కర్లేదు. ఆటగాళ్లం, అంతే. పాచికకి వేసేవాడి వయసు తెలుస్తుందా? ఆ పోటీ బల్ల దగ్గర ఓ మూల చోటిస్తే చాలు. ఈ కథ ఒకసారి నలుగురి ముందూ చెప్పుకోవాలి."

ఆ అమ్మాయి మొహంలో జాలి కనిపించింది. "నాకూ ఇవ్వాలనే ఉంది బాబాయ్ గారూ. కానీ అరవై దాటినవాళ్లు పోటీలో ఉండకూడదని నియమం. నేను పెట్టింది కాదు."

"అరవై ఎవరికి దాటింది?" దర్జీ గొంతు లేచింది. "నాకు యాభై ఎనిమిది. వీడికి యాభై ఏడు. నర్సమ్మ వయసు ఆవిడ చెప్పదు, కానీ మా ఇద్దరికన్నా చిన్నది."

"అది మాత్రం నిజం," అంది నర్సమ్మ.

ఆ అమ్మాయి తికమకపడింది. "మరి దరఖాస్తులో అలా లేదే. మీ తరఫున ఎవరు నింపారు?"

"నేనే. కిందటి ఆదివారం ఆట మధ్యలో కాగితం వస్తే, అక్కడికక్కడే ముగ్గురికీ నా చేత్తోనే నింపాను. నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది, పొరపాటుకి వీల్లేదు. తియ్యి, చూద్దాం. అందులో మాకు అరవై దాటిందని ఉంటే, రోజంతా నోరు కుట్టేసుకుని ఈ బల్ల దగ్గరే కూర్చుంటాను."

ఆ అమ్మాయి అట్టలోంచి కాగితం తీసి ఇచ్చింది. దర్జీ కళ్లజోడు పెట్టుకున్నాడు. చదివాడు. కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చదివాడు. ముత్యాల్లాంటి అక్షరాలు, అనుమానం లేదు, తనవే.

నర్సమ్మ ఆయన భుజం మీదుగా తొంగిచూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. డ్రైవరు కూడా చూశాడు. "సూదీ దారం తెమ్మంటావా?" అని మెల్లిగా అడిగాడు.

దర్జీ తలెత్తలేదు. మెళ్లో టేపుని వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఆ అమ్మాయి కాగితం తీసుకుని, మూడు చోట్ల కొట్టేసి, బోర్డు తీసి చంకలో పెట్టుకుంది.

"పోటీ బల్ల దగ్గరికి పదండి బాబాయ్ గారూ, అసలు వయసులు అక్కడ రాసుకుంటాను," అంది నవ్వాపుకుంటూ. "మంత్రగత్తెకి మూడు వందల పన్నెండు, మరుగుజ్జుకి నూట ఎనభై ఏడు, డ్రాగన్‌గారికి తొమ్మిది వందలు అని రాసిస్తే, మెత్తటి కుర్చీలు వెయ్యకపోతే ఏం బాగుంటుందని ఈ బల్ల వేశాను."