ముఖం కనపడాలి

"వీటిలో మీరెక్కడున్నారు?" అంది వీసా ఏజెన్సీ అమ్మాయి.

వెల్డర్‌కి ఆ ప్రశ్న అర్థం కాలేదు. బల్ల మీద పరిచిన ముప్ఫై ఒక్క ఫొటోల్లోనూ ఉన్నది తనే. నీళ్ల ట్యాంకు మీద గొంతుక్కూర్చున్నది తనే, గేటు కింద వెల్లకిలా పడుకున్నది తనే, వంతెన కమ్మీల మధ్య ఒంటికాలి మీద నిలబడ్డదీ తనే. ఆ మాటే చెప్పాడు. ఆ అమ్మాయి ఒక్కో ఫొటో మీదా పెన్ను మొనతో తడుతూ వెళ్లింది. అన్నింటిలోనూ మొహం ఉండాల్సిన చోట నల్లటి మాస్కు ఉంది.

"ఇది మీరో, మీ మామగారో వాళ్లకెలా తెలుస్తుంది?"

"మా నాన్నయితే ఆ గేటు కింద పట్టడు," అంది పక్కనే కూర్చున్న వెల్డర్ భార్య. భర్త ఎడమ భుజం వాల్చి పని చేసే తీరు చూస్తే, వీపు వైపు నుంచైనా తను ఇట్టే గుర్తుపట్టేస్తానని కూడా చెప్పింది.

"మీరు గుర్తుపడతారమ్మా. అక్కడి ఆఫీసరు ఈయనతో కాపురం చేయలేదుగా."

వెల్డర్ నవ్వబోయి, ఆ అమ్మాయి నవ్వడం లేదని చూసి ఆగిపోయాడు. ఆమె కంప్యూటర్ తెర వాళ్ల వైపు తిప్పి లెక్క చూపించింది. నిపుణుడైన పనివాడిగా ఆ దేశం వెళ్లాలంటే అరవై అయిదు పాయింట్లు కావాలి. వయసు, చదువు, భాష అన్నీ కలిపి వెల్డర్‌కి యాభై వచ్చాయి. మిగతా పదిహేనూ పదేళ్ల అనుభవం చూపిస్తేనే ఇస్తారు. షెడ్డు యజమాని రాసిచ్చిన ఉత్తరం చాలదు, పని చేస్తున్న మనిషి ముఖం కనపడాలని వాళ్లు రాసి మరీ పంపారు. వచ్చే నెల పదో తారీఖుకి వెల్డర్‌కి నలభై అయిదు నిండుతాయి. ఆ తరవాత అతని కాగితాలు ఎవరూ ముట్టుకోరు.

"వీడియో తీసి పంపండి. మొహం చూపిస్తూ వెల్డింగ్ చేయండి, అంతే."

ముందు మొహం చూపించి, తరవాత మాస్కు దించుకుని పని మొదలుపెడితే సరిపోదా అని వెల్డర్ అడిగాడు. పోయినేడు ఒకతను అలాగే పంపితే, మాస్కు దించాక మనిషి మారలేదని ఏమిటి నమ్మకం అని తిప్పి కొట్టారంది ఆ అమ్మాయి.

"మాస్కు లేకుండా చేసే పని కాదమ్మా అది," అన్నాడు వెల్డర్ మెల్లగా.

"పది నిమిషాలే కదండీ."

బస్సు దిగి వీధి మలుపు తిరిగాక, వద్దంటే వద్దంది భార్య. కళ్లు పాడు చేసుకుని అంత దూరం వెళ్లి అక్కడేం చూస్తామంది. కానీ ఈ నెలాఖరుకి షెడ్డు మూసేస్తున్నారని, ఈ వయసులో తనని కొత్తగా పెట్టుకునేవాళ్లెవరూ లేరని ఆవిడకీ తెలుసు.

"పది నిమిషాలు ఓర్చుకుంటే పాప చదువు ఒడ్డున పడుతుంది," అన్నాడు ఇంటి తాళం తీస్తూ.

మర్నాడు మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లాక భార్య షెడ్డుకి వచ్చింది. వెల్డర్ గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. ఇదేమిటి పెళ్లిచూపులకి కూర్చున్నట్టు అని నవ్వింది ఆవిడ. ఆ నవ్వు ఇద్దరి మొహాల్లోనూ ఎంతోసేపు నిలవలేదు. ఫోను ఎలా పట్టుకోవాలో, ఎంత దూరంలో నిలబడాలో చూపించి, ఫోను తెరనే చూడు, వెలుగు వైపు మాత్రం చూడకు అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు.

రెండు ఇనప రేకులు పక్కపక్కన పేర్చి రాడ్డు పట్టుకున్నాడు. అంటించబోయే ముందు అలవాటుగా తల ఒక్కసారి ముందుకి విదిల్చాడు. ఇరవై రెండేళ్లుగా ఆ విదిలింపుకి నుదుటి మీది మాస్కు దానంతటదే మొహం మీదకి జారేది. ఇవాళ జారడానికేమీ లేదు.

నీలం వెలుగు భగ్గుమంది. తల పక్కకి తిప్పుకుంటే మొహం కనపడదు, కళ్లు మూసుకుంటే అతుకు వంకర పోతుంది. వెల్డర్ రెండూ చేయలేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా చెయ్యి వణకకుండా లాగాడు. ఫోను పట్టుకున్న భార్యే కళ్లు మూసుకుంది. రాడ్డు పక్కన పెట్టి సుత్తితో పైన పేరుకున్న చిట్టెం పెచ్చులు కొట్టేశాక చూస్తే, అతుకు ఎప్పట్లాగే జడ అల్లినట్టు వరసగా వచ్చింది.

తెల్లారేసరికి కళ్లలో గుప్పెడు ఇసుక పోసినట్టయింది. రెప్పలు వాచి మూసుకుపోయాయి. డాక్టరు చుక్కల మందిచ్చి, మూడు రోజులు వెలుతురు చూడొద్దన్నాడు. ఎలా అయిందని అడిగితే, పొరపాటున జరిగిందని చెప్పింది భార్య.

మూడో రోజు మధ్యాహ్నం, ఏజెన్సీ ద్వారా పంపిన వీడియోకి జవాబు వచ్చింది. కిటికీలకి దుప్పట్లు కట్టిన గదిలో వెల్డర్ మంచం మీద లేచి కూర్చున్నాడు. భార్య ఫోను తెర వెలుగు అతని మీద పడకుండా వీపు తిప్పుకుని, ఒక్కో వాక్యమూ లోలోపల చదువుకుని పైకి చెప్పసాగింది.

"వీడియోలో ఉన్నది మీరేనని ఒప్పుకున్నారు." ఆవిడ తరవాతి వాక్యం చూసుకుంది. "అతుకు చాలా బాగుందట. పదేళ్లకి మించిన అనుభవం ఉన్న చెయ్యి అని తెలిసిపోతోందట."

"చూశావా," అన్నాడు వెల్డర్. మూసిన రెప్పల కింద నుంచి కారుతున్న నీళ్లని భుజం మీది తువ్వాలుతో తుడుచుకున్నాడు. "ఆగావేం? మిగతాది కూడా చదువు."

ఆవిడ మిగతాది తన మాటల్లో చెప్పలేక, ఉన్నది ఉన్నట్టు చదివింది.

"అయితే కళ్లకు రక్షణ లేకుండా వెల్డింగ్ చేసే వ్యక్తిని నిపుణుడైన పనివాడిగా పరిగణించలేము."