మారుమనస్సుకు సాక్షి

“ఒక్కసారి తలూపితే రక్షణ దొరికేట్టయితే, ఈ మనిషికి అది ఎప్పుడో దొరకాల్సింది బాబూ. ఇక తాగనని తలూపాడు. చెయ్యెత్తనని తలూపాడు. ఇంకా ఎన్నిటికి ఊపాడో నాకే గుర్తులేదు.”

ఆస్పత్రి వరండాలో కూతురి పక్కన బల్ల మీద కూర్చుని తల్లి అల్లుడితో అన్న మాటలివి. అతను పాస్టరు. కాసేపటి క్రితమే లోపల చావుబతుకుల్లో ఉన్న ఆవిడ భర్త మంచం పక్కన మోకరించి, ప్రభువును నమ్ముతున్నారా మావయ్యా అని అడిగాడు. ఆక్సిజన్ మాస్కు కింద ఆ ముసలాయన తలూపాడు. మావయ్య రక్షణ పొందాడంటూ అల్లుడు కళ్ళు తుడుచుకుంటూ బయటికొచ్చాడు. కూతురికి గుండెల మీంచి బరువు దించినట్టయింది. తల్లి ముఖంలో మాత్రం ఏ మార్పూ లేదు.

సాయంత్రం దాటడం కష్టమని డాక్టరు చెప్పేశాడు. ఆ తర్వాత పూడ్చే సంగతి చర్చి సంఘం చూడాలి. తప్పులు ఒప్పుకుని మారుమనస్సు పొందకుండా పోయినవాళ్ళకు సంఘం సమాధుల తోటలో చోటివ్వకూడదని పెద్దల కట్టుబాటు. సొంత మావ విషయంలో తాను నోరెత్తడం బాగుండదని అల్లుడు తప్పుకున్నాడు. దాంతో పెద్దలంతా భారం తల్లి మీదే పెట్టారు. ఆరాధనకు కమిలిన చెంపతో వచ్చి కూర్చున్న మనిషి ఆవిడ. ఆయన మారాడో లేదో ఆవిడకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? ఆవిడ మాటే సాక్ష్యం అన్నారు. సంఘపెద్ద, రిటైరైన లెక్కల మేష్టారు, ఆ మాట కోసమే వరండా చివర చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు.

అల్లుడు గొంతు తగ్గించి నచ్చజెప్పబోయాడు. యేసు పక్కన సిలువ మీద వేలాడిన దొంగ, చేసిన తప్పుల్లో ఏది దిద్దుకున్నాడు? నమ్మాడు, అంతేగా అన్నాడు. తల్లి ఊరుకోలేదు. ఆ దొంగ కూడా ముందు, నాకీ శిక్ష న్యాయమేనని పైకి అన్నాడు కదా అంది. ఈయన్ని ఆ ఒక్క ముక్క అనమనండి, చాలంది.

“తెగినచోట ముడి వెయ్యకుండా పైపైన కుట్టుకుపోతే ఆ కుట్టు నిలుస్తుందా బాబూ?”

కుట్టుమిషను తొక్కి ఇల్లు నడుపుకొచ్చిన మనిషి ఆవిడ. ఏ విషయమైనా ఆ భాషలోనే తేల్చేది.

“బట్టా ప్రభువుదే, కుట్టూ ప్రభువుదే అత్తయ్యా. మనం తొడుక్కోవడమే,” అన్నాడు అల్లుడు.

“తొడుక్కునేవాడు ముందు ఒంటి మీది మాసినది విప్పాలి కదా.”

కూతురికి ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఆమెకు ఆ వాదంతో పని లేదు. దిక్కూమొక్కూ లేని శవాలను పూడ్చే ఊరవతల బీడులో తండ్రిని వదిలేసి రాకుండా ఉంటే అదే పదివేలు. ఎంత తాగొచ్చినా ఆమె మీద ఏనాడూ చెయ్యి వెయ్యలేదు ఆయన. ఆ మాట తల్లి ముందు అనడానికి ఆమెకు నోరు రాలేదు.

“ఆయన అడిగితే గానీ నువ్వు క్షమించవా అమ్మా?” అని మాత్రం అంది.

“క్షమించడం నా పని. అది నేనూ నా దేవుడూ చూసుకుంటాం. మారాడని పదిమందికి చెప్పమంటున్నారే, అదే నా వల్ల కాదు. వినని మాటకు సాక్ష్యం చెబితే దేవుడి ముందు అబద్ధమాడినట్టే.”

నర్సు తలుపు తీసి, త్వరగా రమ్మంది.

ఆయన మాస్కు లాగేసుకుని ఉన్నాడు. అల్లుడు దగ్గరికెళ్ళబోతే వద్దన్నట్టు చెయ్యి ఊపి, అదే చెయ్యి తల్లి వైపు చాపాడు. మంచానికి ఒక పక్క గోడ, ఇంకో పక్క సెలైన్ స్టాండు. స్టాండుకీ మంచానికీ మధ్య సందులోకి దూరి ఆవిడ వంగింది. ఆయన చెయ్యి పైకి లేవడం చూడగానే కూతురి ఒళ్ళు తనకు తెలియకుండానే బిగుసుకుంది. ఆ చెయ్యి తల్లి మెడ చుట్టూ పడి, ఆవిణ్ణి దగ్గరికి లాక్కుంది. ఆయన నోరు ఆవిడ ఎడమ చెవికి ఆనుకుంది. పెదవులు ఆగి ఆగి కదిలాయి. యంత్రాల రొదలో మిగతావాళ్ళకు ఒక్క ముక్కా వినపడలేదు. ఊపిరందని మనిషి అంతసేపు మాట్లాడగలడని ఎవరూ అనుకోలేదు. తర్వాత చెయ్యి జారి దుప్పటి మీద పడింది. ఇక లేవలేదు.

తల్లి వరండాలోకి వచ్చేసరికి సంఘపెద్ద ఎదురొచ్చాడు. ఆవిడ ముఖంలోకి చూశాడంతే.

“ఒప్పుకున్నాడు మేష్టారూ. చేసినవన్నీ ఒప్పుకున్నాడు. క్షమించమన్నాడు.”

మేష్టారు తల వంచుకుని, తోటలో గుంట తవ్విస్తానమ్మా అని చెప్పి మెట్లు దిగి వెళ్ళాడు. అల్లుడు ప్రభువుకు స్తోత్రం చెప్పుకుని, మీరు పట్టుబట్టడమే మంచిదైంది అత్తయ్యా అన్నాడు. శవపెట్టె మాట్లాడటానికి అతనూ వెళ్ళాడు.

తల్లీకూతుళ్ళు లోపలికొచ్చి ఆయన బట్టలు సంచిలో సర్దుతున్నారు. కూతురు ఉండబట్టలేక, నా గురించి ఏమైనా అన్నాడా, అసలేమన్నాడో ఉన్నదున్నట్టు చెప్పమని తల్లిని అడిగింది. తల్లి చొక్కా మడత పెడుతూ ఆగిపోయింది. తలుపు వైపు చూసి, మెల్లగా ఎడమ చెవి మీద చెయ్యి పెట్టుకుంది.

“ఈ చెవిలో చెప్పాడే. నువ్వు కడుపులో ఉన్నప్పుడు ఆయన కొట్టిన దెబ్బకి ఇది అప్పుడే పోయింది.”