తలుపు మీది చీటీలు

"మళ్ల కోసింది సూడు," అంటూ అంబ్రీన్ తన ఫోన్‌ను మమతారాణి ముఖం ముందు పెట్టింది.

తెర మీద అంబ్రీన్ ఇల్లు. పచ్చ తలుపు, రెండు కిటికీలు, ముందు తోట. నిన్నటి దాకా తోట నిండా కనకాంబరాలు ఉండేవి. ఇప్పుడు మొదళ్లు మిగిలాయి. తలుపుకు చీటీ వేలాడుతోంది: ‘నీ మొఖానికి పూలు గూడనా?’ కింద రుచిత పేరు.

ముగ్గురూ లక్సెట్టిపేటలో డిగ్రీ చదివేటప్పుడు మొదలుపెట్టిన ఆట అది. ఫోన్‌లో ఒక వీధి, ఆ వీధిలో మూడు ఇండ్లు. ఒకరి తోటకు ఒకరు నీళ్లు పోస్తారు. చెప్పాలనుకున్నది చీటీ మీద రాసి అవతలివాళ్ల తలుపుకు తగిలిస్తారు. కావాలంటే పక్కవాళ్ల తోట కోసేయవచ్చు, గోడ కూలగొట్టవచ్చు. మూడేళ్లలో ఎవరూ ఆ పని చేయలేదు.

నాలుగు నెలల కింద రుచితకు హుజూరాబాద్ విక్రాంత్‌తో పెళ్లయింది. భూములూ, రెండు రైసు మిల్లులూ ఉన్న కుటుంబం. ఆ తర్వాతే ఆమె వరస మారింది.

"ఫోన్ చేస్తే ఎత్తది. మెసేజ్ పెడితే సూస్తది, జవాబియ్యది. ఇండ్లు కూలగొట్టెతందుకు మాత్రం రోజూ పొద్దుమూకంగ వస్తది," అంది అంబ్రీన్.

"నా బాయి పూడ్చింది. 'మీసొంటోళ్లతోని నాకు మాటలొద్దు' అని రాసింది. నేను ఆట తీసేసిన. నువ్వు గూడ తీసెయ్యి," అంది మమతారాణి.

"నేనెందుకు తియ్యాలె? పెండ్లిల రెండు దినాలు దాని చెయ్యి ఇడువకుంట కూసున్న. గొప్పింటికి పోంగనే చెప్పుల దుకాణపాయన బిడ్డ పనికి రాకుంట అయ్యిందా?"

ఆ సాయంత్రమే అంబ్రీన్ ఆటలో రుచిత ఇంటికి వెళ్లి ప్రహరీ గోడ మొత్తం కూల్చేసింది. తలుపుకు చీటీ తగిలించింది: ‘కూలగొట్టుడు నాకు గూడ వస్తది.’

పది నిమిషాల్లో జవాబు వచ్చింది: ‘నీతోని తిరిగే చెడిపోయిన. నీ దోస్తానా నాకొద్దు.’

తిట్టి ఉంటే అంబ్రీన్ ఓర్చుకునేది. ‘చెడిపోయిన’ అన్న మాట దగ్గర ఆమెకు ఒళ్లు మండింది. ఎవరు ఎవరి కోసం అబద్ధాలు ఆడారో గుర్తు చేయాలనిపించింది.

‘నేను చెడగొట్టిన్నా? భానుప్రసాద్ కోసం మూడు దినాలు అన్నం మానింది ఎవలు?’

జవాబు ఒక్క మాటే వచ్చింది: ‘ఇంకా?’

ఆ పొగరు చూసి అంబ్రీన్ మరింత రెచ్చిపోయింది. అతను రుచితకు రాసిన ప్రేమలేఖలు తన పుస్తకాల్లో పెట్టుకుని మోసిన సంగతి రాసింది. వాళ్లిద్దరూ బండి మీద గోదావరి ఒడ్డుకు పోయిన రోజు, హాస్టల్ వార్డెన్‌కు తాను చెప్పిన అబద్ధం రాసింది.

‘ఇంకా?’

‘పెండ్లి కుదిరినంక గూడ ఒక్కసారి కలిసొస్త అని ఏడిస్తే, తోడొచ్చింది నేనే కదా?’

పంపే ముందు ఆమె వేలు కాసేపు ఆగింది. తర్వాత నొక్కేసింది.

ఈసారి జవాబు రాలేదు. మర్నాడు చూస్తే వీధిలో రుచిత ఇల్లే లేదు. ఆ చోట ఖాళీ జాగా ఉంది.

"నోరు మూతపడ్డది," అంది అంబ్రీన్ తృప్తిగా.

మమతారాణి మాత్రం సంతోషించలేదు. "గంత దూరం రాయకుంట ఉండాల్సింది. పెండ్లైన పిల్ల."

"దాని తలుపు మీది చీటీలు దానికి తప్ప ఎవలకు కనవడయ్. నీకేం ఫికర్?"

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం తండ్రి అజీముద్దీన్ భోజనానికి వెళ్తే అంబ్రీన్ చెప్పుల దుకాణంలో ఒక్కతే కూర్చుంది. మెట్టు ఎక్కి ఎవరో లోపలికి వచ్చారు. తలెత్తితే రుచిత. చిక్కిపోయింది. పట్టుచీర ఆమె భుజాల మీద నిలవడం లేదు.

"మంచిగున్నవా అంబ్రీన్?"

"ఏం సైజు?" అంది అంబ్రీన్.

రుచిత ఆ మాట పట్టించుకోలేదు. "ఈడ మా అత్తోళ్ల చుట్టాలింట్ల పెండ్లికొచ్చినం. అత్త పక్క దుకాణంల చీరెలు సూస్తుంది. జర నీ ఫోన్ ఇయ్యవా? అవ్వతోని మాట్లాడాలె. వచ్చి నన్ను తోల్కపొమ్మని చెప్పాలె."

అంబ్రీన్ తన ఫోన్‌ను గల్లాపెట్టెలో పడేసి మూత వేసింది.

"నన్ను తిట్టెతందుకు పనికొచ్చిన ఫోన్, మీ అవ్వకు చేసెతందుకు పనికి రాదా?"

"నేను తిట్టుడేంది?"

"నాటకాలాడకు. నాలుగు నెలలు నా తోట కోసినవ్. నాతోని తిరిగి చెడిపోయిన అని రాసినవ్. నేను అన్నీ యాది చేసి నీ తలుపుకు రాసేసరికి ఇల్లు పీకేసుకొని పోయినవ్. ఇయ్యాల అవసరం పడంగనే అంబ్రీన్ యాదికొచ్చిందా?"

పక్క దుకాణంలోంచి అత్త పిలుస్తున్న గొంతు వినిపించింది. రుచిత రెండు చేతులతో గల్లాపెట్టె అంచు పట్టుకుని, మెల్లగా అంది.

"పెండ్లైన నాడే నా ఫోన్ ఆయన గుంజుకున్నడు."